సున్నపుగనిలో ఏడవ కాండ

శోణపుర రాజ్యంలో పుట్టిన ప్రతివారూ ఉగ్గుపాలతో పాటు మింగే నమ్మకం ఒకటుండేది. అభయసంహితలోని ఏ శ్లోకమైనా సరే, దాని మొదటి సగం చెవిన పడితే విన్నవారు రెండో సగాన్ని పలికి తీరాలి. పలకనివారి నాలుక మర్నాడు సూర్యుడు పొడిచేలోగా పడిపోతుంది. దైవవాక్యాన్ని గాలిలో సగానికి వేలాడదీసినవారికి ఇక మాటతో పనేమిటని పెద్దలు చెప్పేవారు.

ఈ నమ్మకం నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడలేదు. చూడాలనుకున్నా వీలయ్యేది కాదు. సంతలో తక్కెడ పట్టిన వర్తకుడైనా, పురిటిమంచం మీది ఇల్లాలైనా, కన్నం వేయబోతున్న దొంగ అయినా, మొదటి సగం వినగానే రెండో సగాన్ని పలికేసేవారు. తుమ్ముకు ముందు ముక్కు మన అనుమతి అడగదు. వారి పెదవులకు ఆ శ్లోకాలతో ఉన్న సంబంధం అటువంటిది.

ఈ సంగతిని శోణపురవాసులకన్న బాగా అర్థం చేసుకున్నవాడు కాలజిహ్వుడనే మాంత్రికుడు. ఆ రాజ్యాన్ని జయించగానే అతడు సంహిత తాటాకులన్నిటినీ కుప్ప పోయించి తగలబెట్టించాడు. ఆ తరువాత అడవుల్లోని గోరువంకలను వలలు పన్ని పట్టించి, వాటికి శ్లోకాల మొదటి సగాలను మాత్రం నేర్పించాడు. ప్రతి కోటగుమ్మానికీ, ప్రతి రేవుకూ, ప్రతి సంత మొగదలకూ ఒక పంజరం వేలాడింది. పక్షి సగం పలికేది. దారిన పోయేవారిలో ఎవరి పెదవి కదిలితే వారిని భటులు సున్నపుగనికి తోలేవారు. సాక్షులు అక్కరలేని న్యాయవిచారణ అది.

అగ్నికూట దుర్గం పడమటి ద్వారం ముందు, ఉదయపుటెండలో, మోకుల బండి పక్కన నిలబడిన తరళకు ఇదంతా తెలుసు. తెలిసే వచ్చింది.

ఆమె సంహితను కంఠస్థం చేసి నిలుపుకునే పాఠకుల వంశంలో పుట్టింది. మొదటి ఆరు కాండలూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఏడవది రాదు. తల నెరిసినవారికే ఏడవ కాండ చెప్పాలని పాఠకుల నియమం. నాలుగు దెబ్బలు తిననివాడికి ఆ మాటలు తలకెక్కవని వారి అభిప్రాయం. నియమాన్ని తూచా తప్పక పాటించారు. తత్ఫలితంగా, యుద్ధమూ కరువూ గనీ కలిసి తలనెరిసినవారందరినీ మింగేశాక, ఏడవ కాండ తెలిసినవాడు లోకంలో ఒక్కడే మిగిలాడు. అతడు ఆమె గురువు సుమేధుడు. ఈ కోట వెనుక గనిలో రాళ్ళు మోస్తున్నాడు. అతని ఊపిరి ఆగితే ఏడవ కాండ ఆగిపోతుంది. ఆలోగా అతని నోట దాన్ని విని, తన నోట పెట్టుకుని రావాలి. తరళ వచ్చిన పని అంతే.

ఆమెకు తోడు వచ్చినవాడు అమరకేతు. రాజ్యం పోగొట్టుకున్న శోణపుర యువరాజు. చిన్ననాడు అస్త్రవిద్యకన్న రసవాదుల మూసల దగ్గరే ఎక్కువ పొద్దు గడిపినవాడు. దేవుడి మీద అతనికి నమ్మకం లేదు. కత్తి మీద ఉండేది. ఈమధ్య అదీ సన్నగిల్లింది. ప్రస్తుతం అతడు నారపీచు అంటిన తలపాగాతో, చెవిలో వేపపుల్లతో, మోకులమ్ముకునే వర్తకుడిగా ఉన్నాడు. తరళ అతని మూగ అక్క.

"అక్కా, మళ్ళీ చెప్తున్నా," అన్నాడతడు ఎద్దు మెడ నిమురుతూ, పెదవులు కదపకుండా. "నువ్వు పుట్టుమూగవి. పిడుగు పడ్డా నోరు తెరవకు."

"పిడుగైతే భయం లేదు, యువరాజా. పక్షితోనే."

"యువరాజా ఏమిటి? తమ్ముడూ అను. అదీ వద్దు. అసలేమీ అనకు."

తరళ కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా నాలుక పడిపోతే? పడిపోయిన నాలుకతో ఏడవ కాండను ఎట్లా మోసుకుపోను?"

"పడిపోదు."

"మీకెట్లా తెలుసు?"

"మా వంటవాడు ముసలితనంలో చెవిటివాడైపోయాడు. ఆ తరవాత ఒక్క శ్లోకం పూరించిన పాపాన పోలేదు. నాలుక మాత్రం నాలుగు వీధులకు వినబడేది."

"వినబడనివాడికి విధి లేదని పెద్దలు చెప్పారు."

"చెప్తారు. ప్రతి ముడికీ ఓ జారుముడి ఉంచుకున్నారు మీ పెద్దలు," అని నవ్వి, బండిని ముందుకు తోలాడు.

ఆ ద్వారం చూసినవారి కళ్ళు చెదిరేట్టు ఉంది. కాల్చిన రాగిని రేకులుగా సాగదీసి తాపిన తలుపులు, వాటి మీద పడగ విప్పిన సర్పాలు, ఒక్కొక్క సర్పం కంటిలో కెంపు, పైన మకరతోరణం, తోరణం నోట వెండిగొలుసుతో వేలాడే బంగారు పంజరం. పంజరంలో పసుపుముక్కు గోరువంక, తానేం చేస్తున్నదో ఏమీ ఎరగని ప్రాణి, ఈకలు సవరించుకుంటోంది.

బండికి ముందు ఒక ముసలి గాజులమ్మి నిలబడి ఉంది. గోరువంక మెడ వంచి చూసి, మనిషి గొంతుతో స్పష్టంగా పలికింది:

"కొట్టిన చేతికి కోపమే తోడు..."

"దెబ్బ తిన్నవానికి దేవుడే తోడు," అనేసింది ముసలిది. అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"దొరికిందిరా అవ్వ!" అన్నాడు ద్వారం దగ్గరి భటుడు, చెట్టు కింద పండు దొరికినవాడిలా. "ఏమే అవ్వా, నీకూ కావల్సొచ్చిందా సంహిత?"

"అలవాటయ్యా, నాయనా, అలవాటు..."

ఈటె కర్ర ఆమె మోకాళ్ళ వెనక పడింది. గాజుల మలారం నేల మీద పగిలింది. ఆమెను జుట్టు పట్టి పక్కకు ఈడ్చారు. పగిలిన గాజుల మీదుగా బండిచక్రం కరకరమంటూ పోయింది.

గోరువంక మళ్ళీ మెడ వంచింది.

"కొట్టిన చేతికి కోపమే తోడు..."

రెండో సగం తరళ గొంతులో లేచింది, అంగిట్లోకి వచ్చింది, పళ్ళ వెనక నిలబడింది. ఆమె పళ్ళు బిగించి నాలుకను కరుచుకుంది. నోట్లో ఉప్పటి రుచి తగిలింది. ఎదుట ముసలిదాన్ని కొడుతూనే ఉన్నారు. దేవుడే తోడు అన్న మాటను పలకకుండా మింగడం ఆమె బతుకులో అదే మొదలు.

"ఏయ్, ఆగు," అన్నాడు భటుడు. "ఈవిడ పెదవి అదిరింది."

"అదిరిందా? నిన్నట్నుంచీ అదురుతూనే ఉంది బాబూ," అన్నాడు అమరకేతు. "మేనత్త ఇంటికి తీసుకెళ్తానని మోకుల బండెక్కించాను. మూగదానికి కోపమొస్తే ఇంతే, తిట్టలేదు గదా, అంతా పెదవుల్లోనే."

"మూగో కాదో నే చూస్తాగా." భటుడు ఈటె మడమను తరళ కాలి బొటనవేలి మీద ఆనించి, తన బరువంతా మోపాడు.

"ఆఁ... ఆఁ..." అని మాత్రమే అందామె.

రెండో భటుడు నవ్వాడు. "పోనీరా, మూగదే. మన ఇంటిదీ ఇట్లా ఉంటే ఎంత బాగుండేది!" అని బండిలోని నీళ్ళతిత్తిని లాక్కున్నాడు. "లోపల నీళ్ళు దొరవారి సొత్తు. బయటి నీళ్ళు పోనివ్వం. పో, పో."

తలుపులు తెరుచుకున్నాయి. బారెడు పొద్దెక్కింది. మర్నాటి పొద్దుపొడుపు వరకు తన నాలుకకు గడువు ఉన్నదని తరళ లెక్క వేసుకుంది.

కోట వెనుక గని, భూమికి పడ్డ తెల్లని పుండులా ఉంది. మెట్లు మెట్లుగా తొలిచిన సున్నపురాతి గోడలు. ఆ గోడల మీద చీమల్లా మనుషులు. అందరి తలలూ, కనుబొమలూ, రెప్పలూ ఒకే తెలుపు. పదహారేళ్ళవాడెవడో, అరవై దాటినవాడెవడో పోల్చలేని తెలుపు. అడుగున బట్టీలు మండుతున్నాయి. కాల్చి తీసిన సున్నం గుట్టలుగా పోసి ఉంది. పై అంచున, ఇనుపకట్లు బిగించిన పెద్ద కర్రతొట్టె, అందులో నీళ్ళు. ఆ నీళ్ళు అందరికీ కనబడాలనే దాన్ని అంత ఎత్తున పెట్టించారు.

అమరకేతు గని అధికారిని పట్టుకున్నాడు. అతడు పెద్ద పొట్టా, చిన్న గొంతుకా ఉన్న మనిషి.

"దొరా, మీ మోకులు తెగి మొన్న మనుషులు చచ్చారటగా?"

"మనుషులు చస్తే చచ్చారు, రాయి పగిలింది. ఆ రాయికి పెద్దదొర నన్ను తిట్టాడు."

"నా మోకు తెగదు. మీ పాత తాళ్ళను మోకులంటారా మీరు? ఇదిగో, దీంతో మీ గనిలోకెల్లా పెద్దరాయిని ఈ అంచున వేలాడదీస్తా. పొద్దుగూకేదాకా వేలాడుతుంది. పడితే నన్ను బట్టీలో వెయ్యండి."

"వేస్తా," అన్నాడు అధికారి మనస్ఫూర్తిగా.

వారు దూలమూ గిలకా కుదుర్చుకునే సందడిలో, తరళ మోకుల చుట్ట ఒకటి భుజాన వేసుకుని, రాళ్ళీడ్చేవారికి పంచడానికన్నట్టు మెట్లు దిగింది. సమ్మెటల మోతలో పక్కనున్నవాడి మాటే మనిషికి వినబడటం లేదు. అది ఆమెకు మేలైంది.

సుమేధుణ్ణి ఆమె ముఖం చూసి గుర్తుపట్టలేదు. చేతిని చూసి గుర్తుపట్టింది. ఒక రాతికి ఆనుకుని కూర్చున్న ముసలివాడొకడు, కుడి అరచేతిని మోకాలి మీద పెట్టి, దాన్ని మెల్లగా పైకి తిప్పుతున్నాడు, కిందికి తిప్పుతున్నాడు. పాఠం చెప్పే గురువు చేతి పద్ధతి అది. అరచెయ్యి పైకి తిప్పితే "సరి, ముందుకు పద." కిందికి తిప్పితే "తప్పు, మళ్ళీ చెప్పు." ఎదుట శిష్యులెవరూ లేరు. తనకు తానే పాఠం అప్పచెప్పుకుంటున్నాడు.

ఆమె అతని పాదాలు తాకింది. "గురువుగారూ, తరళను."

సుమేధుడి కళ్ళు వెలిగాయి. నోరు తెరిచాడు. మాట రాలేదు. నాలుక నల్లబడి, వాచి, నోట్లో మొద్దులా పడి ఉంది. ఒక శబ్దం వచ్చింది గానీ అది ఏ అక్షరమూ కాదు.

ఏ శ్లోకాన్నీ సగంలో వదలని నాలుక అది.

"ఓరోరి! మూగది మాట్లాడిందిరోయ్!"

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. పలుగు భుజాన వేసుకుని, ఒంటి మీద ఎముకలన్నీ కనబడుతున్నా మీసం మాత్రం మెలి వేసుకున్న ఒక బందీ నిలబడి పళ్ళికిలిస్తున్నాడు.

"అరవకు, అన్నా," అంది తరళ.

"అరవను. అరిస్తే నీళ్ళు పోస్తారా? పొయ్యరు." అతడు పక్కన చతికిలబడ్డాడు. "నా పేరు గండకుడు. మీ దేశం వాణ్ణి కాను, మీ దేవుడితో నాకు ఏ పేచీ లేదు. పెద్దదొర కొట్లో కన్నం వేసి దొరికాను. న్యాయంగా దొంగని. నీళ్ళు తెచ్చావా?"

"ద్వారం దగ్గరే లాక్కున్నారు."

"తెలుసులే. ఆశ." అతడు సుమేధుడి వైపు గడ్డం చూపించాడు. "ఈయన కథ నీకు తెలుసా? రోజూ పొద్దున్నే అధికారి వచ్చి మొదటి సగం చెప్తాడు. 'కొట్టిన చేతికి కోపమే తోడు.' రెండోది దొరలు మార్చిపెట్టారు. 'దెబ్బ తిన్నవానికి దెబ్బయే తోడు' అనాలి. అంటే మా వరసకంతా కడుపునిండా నీళ్ళు. ఒకే ఒక్క మాట మార్పు! ఈ ముసలయ్య అనడు. దేవుడే అంటాడు. అందుకు ఈయనకి చుక్క నీళ్ళు, మాకు గుక్కెడు. ఈయన స్వర్గానికి పోతాడు సరే, మధ్యలో నా గొంతెందుకు ఎండాలి?"

ఆ ప్రశ్నకు ఆరు కాండల్లోనూ ఆమెకు జవాబు కనబడలేదు.

"సంకటి మాత్రం సగం మాకే పెట్టేవాడు," అన్నాడు గండకుడు, ఒప్పుకోవడం ఇష్టం లేనివాడిలా. "నీళ్ళు లేకుండా సంకటి ఎవడికి దిగుతుంది? అదీ తిట్టాం. రాళ్ళు విసిరాం. ఇదిగో, ఆ కనుబొమ మీది గాటు నాదే. ఏమీ అనడు. సుత్తి దెబ్బకొక శ్లోకం గొణుక్కునేవాడు, ఆ గొణుగుడు వినలేక చచ్చాం. ఈమధ్య నోరు పడిపోయాక కాస్త నెమ్మది."

తరళ గురువు వైపు తిరిగింది. మాట రాని నోటి నుంచి ఏడవ కాండను వినడమెలా? ముందు చెప్పవలసింది ఒకటి ఉంది. "గురువుగారూ, పడమటి ద్వారంలో నేను మొదటి సగం విని పూరించలేదు. దేవుడి పేరును మింగేశాను."

సుమేధుడు ఆమె మాట చివరిదాకా విన్నాడు. తరువాత కుడి అరచేతిని పైకి తిప్పాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, ఆరవ కాండలోని చివరి శ్లోకాన్ని గుసగుసగా పలికింది. ఏడవ కాండ మొదలుపెట్టమని అడగడానికి పాఠకులకు అదొక్కటే మర్యాద. సుమేధుడి గొంతు ఎగిసిపడింది. మెడనరాలు తేలాయి. శబ్దం వచ్చింది. అక్షరం రాలేదు.

"వచ్చిందమ్మా కొత్త పూజారిణి!" గండకుడు నడుం వంచి, మెడ వణికిస్తూ, ముక్కుతో, ముసలి గొంతును అచ్చం దింపుతూ పాడాడు:

"రాయి మోసెడివాడు రాయి గాడెపుడు,
రాయి మోయించువాడు రాయియై పోవు... నీళ్ళేవి సామీ, నీళ్ళేవి?"

పక్కనున్న బందీలు అలవాటైన నవ్వు నవ్వారు. తరళ నవ్వలేదు. ఆ శ్లోకాన్ని ఆమె ఎన్నడూ వినలేదు. తటాలున గురువు చేతివైపు చూసింది.

అరచెయ్యి పైకి తిరిగింది.

"అన్నా," అందామె, "దాని తరవాతిది?"

"తరవాతిదా? అన్నీ వచ్చు. ఏడాది పొడుగునా చెవిలో పోశాడు. వెక్కిరించాలంటే సరిగ్గా రావద్దూ? తప్పుగా వెక్కిరిస్తే ఎవడు నవ్వుతాడు?" హాస్యగాడి గర్వం అతని ముఖంలో మెరిసింది. "చివర్లో 'నీళ్ళేవి సామీ' మాత్రం నా సొంతం."

"నీ సొంతం తీసేసి చెప్పు."

"నాకేమిటి?"

"ఏమీ లేదు. నా దగ్గర ఏమీ లేదు. కానీ నువ్వు చెప్పినంత బాగా ఇక ఎవరూ చెప్పలేరు."

గండకుడు మీసం మెలివేశాడు. పొగడ్తకు ఎవరి నుంచైనా సరే లొంగే స్వభావం అతనిది. మొదలుపెట్టాడు.

ఆ పూట సున్నపుగనిలో జరిగిన పాఠం వంటిది పాఠకుల వంశంలో ఎవరూ చెప్పలేదు, ఎవరూ వినలేదు. దొంగ పలుకుతున్నాడు. శిష్యురాలు అంటోంది. గురువు చెయ్యి తిప్పుతున్నాడు. ఒక శ్లోకం దగ్గర అరచెయ్యి కిందికి తిరిగింది.

"తప్పా? నేనా?" గండకుడికి ఒళ్ళు మండింది. "ముసలయ్య చెవిలో సున్నం పోయింది!" అని, కళ్ళు మూసుకుని, మళ్ళీ ముక్కుతో పాడి చూసుకుని, "ఆఁ... 'వలన' కాదు, 'కొరకు'. సరే, సరే, ఈయనదే సరి," అని గొణిగాడు. అరచెయ్యి పైకి తిరిగింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. తరళ తలలో శ్లోకాలు వరసగా ఒదుగుతున్నాయి. వినగానే పట్టే విద్యలో ఆమె పుట్టి పెరిగింది. పై అంచున అమరకేతు వేలాడదీసిన బండరాయి, నీళ్ళతొట్టెకు ఎగువన, ఇరుసు కిర్రుమంటూ ఊగుతోంది. అది అక్కడే ఎందుకు వేలాడిందో అధికారికి ఇంకా తట్టలేదు.

"ఇదే ఆఖరుది," అన్నాడు గండకుడు. "'మాట లేనప్పుడు, బాట లేనప్పుడు...'"

శంఖం మోగింది.

ఒక్కసారిగా సమ్మెటలు ఆగాయి. అందరూ బోర్లపడ్డారు. ద్వారం నుంచి నల్లని పల్లకి దిగుతోంది. దానికి నాలుగు మూలలా నాలుగు ధూపపు కుండలు. వాటి నుంచి ఆకుపచ్చని మంటలు నాగుల్లా లేస్తున్నాయి. బందీలు కళ్ళు మూసుకుని వణికారు. అమరకేతు మాత్రం ఆ మంటను చూసి, ముక్కు ఎగబీల్చి, "మైలుతుత్తం వేశాడు, మంత్రం కాదు," అనుకున్నాడు.

కాలజిహ్వుడు పల్లకి దిగాడు. సన్నని మనిషి, మృదువైన కంఠం. అతని మణికట్టు మీద ఒక గోరువంక.

"అధికారీ, ఎవరీ స్త్రీ?"

"మోకులవాడి అక్క, ప్రభూ. మూగది."

"మూగవారి చెవులు చురుకుగా ఉంటాయి," అన్నాడు మాంత్రికుడు. పక్షి వీపును వేలితో నిమిరాడు.

"కొట్టిన చేతికి కోపమే తోడు..."

తరళ నేలను చూస్తూ నిలబడింది. ఆఖరి శ్లోకంలోని రెండో సగం తప్ప ఏడవ కాండ అంతా ఇప్పుడు ఆమె పళ్ళ వెనక ఉంది. దానికోసం ఆమె దేవుడి పేరును రెండోసారి మింగింది.

"దెబ్బ తిన్నవానికి దేవుడే తోడు," అన్నాడు గండకుడు.

అన్న తరువాత అతడు అటూ ఇటూ చూశాడు, ఎవడన్నాడా అని.

"ఆహా," అన్నాడు కాలజిహ్వుడు. "దొంగవనుకున్నాను. నీవూ వీరిలో ఒకడివా?"

"అయ్యయ్యో, కాదు దొరా! వెక్కిరింపుకి! ఏడాదిగా వెక్కిరించీ వెక్కిరించీ నోరు జారింది. కావలిస్తే మీదే చెప్తా. నీళ్ళిప్పించండి, వందసార్లు చెప్తా."

"ఒక్కసారి చాలు. నా గనిలో అందరూ వినగా చెప్పు."

గండకుడు గొంతు సవరించుకున్నాడు. చెప్పాలని అతడు నిజంగా కోరుకున్నాడు. అతని ఎండిన పెదవులు సాక్ష్యం. "కొట్టిన చేతికి కోపమే తోడు, దెబ్బ తిన్నవానికి దే..." ఆగాడు. తల విదిల్చాడు. "ఉండండి దొరా. దెబ్బ తిన్నవానికి దేవుడే తోడు. ఛీ! ఇదేం నోరురా బాబూ!"

బోర్లపడ్డ బందీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. నవ్వు ఒక వరస నుంచి మరొక వరసకు పాకింది. మెట్టు మెట్టుకూ తెల్లని భుజాలు కదిలాయి. ఆ గని పుట్టిన తరువాత అందులో అంతమంది కలిసి నవ్వింది అదే మొదటిసారి.

కాలజిహ్వుడి కంఠం మృదువుగానే ఉంది. "వీడి నాలుకకు వీడి మాట వినడం రాదు. కోటలోకి ఈడ్చుకుపొండి."

భటులు గండకుడి మీద పడ్డారు. సరిగ్గా ఆ క్షణాన పై అంచున అమరకేతు మొలలోని కత్తిని తీసి, తెగదని తాను పందెం కాసిన మోకును కోశాడు.

బండరాయి కూలింది. కర్రతొట్టె బద్దలైంది. బందీలు నెలల తరబడి తలలెత్తి చూసిన నీళ్ళన్నీ మెట్ల మీదుగా ఉరికి వచ్చాయి. మనుషులు వాటిలో పడి, పశువుల్లా మోకరిల్లి, నాలుకలతో, దోసిళ్ళతో తాగారు. నీళ్ళు ఆగలేదు, అడుగుకు చేరి, కాల్చిన సున్నపు గుట్టల్లో జొరబడ్డాయి. గుట్టలు బుసకొట్టాయి, ఉడికాయి, పగిలాయి. వేడి తెల్లని ఆవిరి మేఘంలా లేచి పల్లకినీ, పచ్చమంటలనూ, మాంత్రికుణ్ణీ కప్పేసింది. "కళ్ళు! నా కళ్ళు!" అని అధికారి చిన్న గొంతుక కేకలు పెట్టింది.

తరళ పమిటచెంగును పారే నీటిలో ముంచి, సుమేధుడి నోట్లో పిండింది. నీరు లోపలికి పోయింది. నాలుక కదలలేదు. అతడు ఆమెను పక్కకు నెట్టినట్టుగా అరచేతిని పైకి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ముందుకు పద.

"అక్కా! మురుగుతూము! ఇటు!" అమరకేతు మోకు పట్టుకుని జారుతూ వచ్చాడు.

"ఆయన..."

"ఇద్దరం మొయ్యలేం. ఆవిరి తేలిపోతోంది. రా!"

ఆమె పరుగెత్తింది. ఆవిరి పొరల మధ్య, మెట్ల మీద, నలుగురు భటులు గండకుణ్ణి ఈడ్చుకుపోవడం కనబడింది. అతడు కూడా ఆమెను చూశాడు.

"ఓ సంహితమ్మా!" అని అరిచాడు. "ఆఖరుది విను! 'మాట లేనప్పుడు, బాట లేనప్పుడు...'"

భటుడి పిడికెడు గుడ్డ అతని నోట్లో దూరింది.

తూము మనిషి పట్టేంత వెడల్పు లేదు. పట్టేట్టు చేసుకున్నారు. భుజాలు చెక్కుకుపోయాయి. ఆ చీకటి గొట్టంలో ముందు అమరకేతు, వెనక తరళ, సున్నపు నీటిలో పాకుతూ, కోటకు దక్షిణాన కొండవాగులో తేలారు. వెనక కొమ్ములు ఊదుతున్నారు. వేటకుక్కలు మొరుగుతున్నాయి. వారు వాగులోనే నడిచి, రాళ్ళ చాటున ఒక గుహకు చేరారు.

మర్నాడు తెల్లవారుతుండగా కొండదారి మీద దండోరా వినబడింది. గనిలో సుమేధుడనే బందీ నిన్న సాయంత్రం చనిపోయాడనీ, గండకుడనే దొంగకు రానున్న అమావాస్యనాడు కోట ముంగిట నాలుక కోస్తారనీ, ప్రజలందరూ వచ్చి చూడవలసిందనీ చాటించారు.

సూర్యుడు పొడిచాడు. తరళ గుహ వాకిట కూర్చుని ఏడవ కాండను మొదటి నుంచి పైకి చదివింది. అమరకేతు ఎదురుగా కూర్చుని విన్నాడు. ఏ శ్లోకం దగ్గరా ఆమె నాలుక తడబడలేదు. ఎండ గుహలోకి వచ్చేసరికి చివరి శ్లోకం వచ్చింది.

"మాట లేనప్పుడు, బాట లేనప్పుడు..." అంది.

అమరకేతు రెండో సగం కోసం ఎదురుచూశాడు. అది ఆమెకు రాదు.